తాతయ్య రామకోటి 87 లక్షల దగ్గర ఆగింది, మిగతాది మేం రాయొచ్చా?

లంక_మనవరాలు

అందరికీ నమస్కారం. మొన్న మాఘంలో మా తాతయ్య సంవత్సరీకం అయింది. ఎలాగూ అందరం ఊళ్ళోనే ఉన్నాం కదాని మర్నాడు అటక మీది ట్రంకుపెట్టెలు దింపాం. నిండా రామకోటి పుస్తకాలే. 364 పూర్తయినవి. 365వది 61వ పేజీలో ఆగిపోయింది. ఆ పేజీలో 120 గళ్ళుంటే 47 నిండాయి. పెన్ను ఆ పేజీలోనే ఉంది.

1984 శ్రీరామనవమి నాడు మొదలుపెట్టారు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు కొనుక్కుని, రూళ్ళకర్ర పెట్టి తనే గళ్ళు గీసుకునేవారు. రోజుకి ఐదు పేజీలు. ఒంట్లో బాగోని రోజు తగ్గితే బాగున్న రోజు ఎక్కువ రాసి సరిపెట్టేవారు. ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల అప్పటిదాకా అయిన మొత్తం వేసుకున్నారు కాబట్టి లెక్క పక్కాగా ఉంది: 87,43,247.

మనవలూ మనవరాళ్ళూ కలిసి 14 మందిమి. మిగిలింది మేం రాసి, కోటి పూర్తి చేసి భద్రాచలం తీసుకెళ్ళి స్వామికి సమర్పించాలని మాలో చాలామందికి ఉంది. మా పెద్దనాన్న మాత్రం ఎవరి కోటి వాళ్ళదే, ఉన్నది ఉన్నట్టే అప్పజెప్పేద్దాం అంటున్నారు. మీ ఇళ్ళల్లో ఇలాంటిది జరిగిందా? జరిగితే ఏం చేశారు?

ఆయన ఎలాంటివారో చెప్పకుండా అడగడం బాగోదు. పి.గన్నవరం దగ్గర లంక మాది. తాతయ్య ఊరి పోస్టుమాస్టరు. పోస్టాఫీసంటే మా వీధి అరుగే. గల్ఫుకి వెళ్ళిన ఆడవాళ్ళ ఉత్తరాలు చదివి వినిపించాల్సింది కూడా ఆయనే. కువైట్ నుంచి కోడలి ఉత్తరం వస్తే, లేని వాక్యం ఒకటి చివర తనే కలిపేసేవారు: "అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో తప్పక రాయించవలెను." ఆ అత్తగారు కళ్ళొత్తుకుని, "అమ్మాయికి నేనంటే ఎంత ఇదో" అనుకుంటూ వెళ్ళేది. తర్వాత జవాబు రాయించుకోడానికి వస్తే, కోడలిని మెచ్చుకుంటూ ఇంకో వాక్యం ఇటునుంచీ కలిపేవారు. ఆ అత్తాకోడళ్ళు ఇప్పటికీ ఒక్క ఇంట్లోనే ఉన్నారు.

రామకోటి రాసేటప్పుడు మౌనం. మా మామ్మ సరిగ్గా ఆ వేళ చూసుకుని వచ్చి కూర్చునేది. పాలవాడి బాకీ, పెద్దత్తయ్య పెళ్ళిలో జరిగిన అవమానం, ఎండబెట్టిన ఒడియాలు కాకి ఎత్తుకుపోవడం, అన్నీ అప్పుడే. ఆయన తలెత్తేవారు కాదు. ఐదో పేజీ ముగించి, పుస్తకం కళ్ళకద్దుకుని, కళ్ళజోడు తీసి, "ఆ రెండోది మళ్ళీ చెప్పవే, సరిగ్గా వినపడలా" అనేవారు.

1986 ఆగస్టు వరదకి, భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులొచ్చిన వరదకి, మా లంక మునిగింది. అప్పటికి 21 పుస్తకాలయ్యాయి. తాతయ్య వాటిని దుప్పట్లో మూటగట్టి నెత్తిన పెట్టుకుని ముందు వాటిని పక్కింటి డాబా ఎక్కించి, తర్వాత వెనక్కి వచ్చి మామ్మకి చెయ్యిచ్చారట. మామ్మ ఆ మాట ఆయన బతికినన్నాళ్ళూ దెప్పింది. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: "పుస్తకాలకి ఈతొచ్చా? నీకొచ్చుగదే!"

గోటి_తలంబ్రాలు

మీ తాతయ్యగారికి నమస్కారం అండి. చదువుతుంటే మా తాతగారు కళ్ళముందుకొచ్చేశారు. మాది కోరుకొండ దగ్గర. భద్రాద్రి కల్యాణానికి గోటితో వడ్లు ఒలిచి తలంబ్రాలు పంపే ఆనవాయితీ మా వైపు ఉంది, చాలామంది వినే ఉంటారు. వడ్లు చల్లేటప్పుడూ కోతప్పుడూ రాముడి వేషం, ఆంజనేయుడి వేషం వేసుకుని చేలోకి దిగుతారు. మా తాతగారు ఒక ఏడు వానరసేనలో ఉన్నారు. ఆ వేషంతోనే ఇంటికి భోజనానికొస్తే మా కుక్క వారం రోజులు ఆయన దగ్గరికి పోలేదు.

ఒలవడం అంటే తేలిక కాదండి. ఒక్కో గింజా బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ముక్కు విరక్కుండా పొట్టు తియ్యాలి. అక్షతలు కదా, విరిగితే పనికిరాదు. సాయంత్రానికి గోరు మొదట్లో ఎర్రగా వాస్తుంది. మా తాతగారు విరిగిన గింజలన్నీ పక్కన ఎడంచేతి గిన్నెలో వేసి, "మంచివి స్వామివి, విరిగినవి నావి" అని నోట్లో వేసుకునేవారు. భోజనం ఆలస్యమైన రోజు ఆయన గిన్నెలో గింజలు ఎక్కువుండేవి. మా నాయనమ్మ ఆ గిన్నె చూసే వడ్డించేది.

మీ ప్రశ్నకి నాకు తోచింది చెప్తాను. ఆ తలంబ్రాలు ఎన్ని ఊళ్ళవాళ్ళు ఎన్ని చేతులతో ఒలుస్తారో లెక్కలేదు. అన్నీ కలిపే స్వామి తలమీద పోస్తారు. ఇది ఫలానా ఆయన గింజ అని అక్కడ ఎవరూ ఏరరు. సామూహికంగా రామకోటి రాయడం చాలా గుళ్ళల్లో ఉన్నదే. మనవలు రాస్తే తప్పేముందండి, నిస్సంకోచంగా రాయండి.

గుంటూరు_గంట

అక్కా, మేం క్రైస్తవులం. మీ ఆచారం గురించి చెప్పేంత తెలియదు గానీ, మా ఇంట్లో అచ్చం ఇలాంటిదే జరిగింది కాబట్టి రాస్తున్నా.

మాది లూథరన్ సంఘం. 1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరొచ్చిన కాడ్నుంచీ మా తాత కథ మొదలెట్టేవాడు, ఆయన పక్కన నిలబడి చూసినట్టే. గుడిగంట కొట్టేది మా తాతే. రిటైరయ్యాక బైబిలు మొత్తం చేత్తో రాయాలని కూర్చున్నాడు. 66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు. ఆదికాండం నుంచి వరసాగ్గా రాసుకుంటూ వచ్చి 119వ కీర్తన సగంలో ప్రభువు దగ్గరికెళ్ళాడు. బైబిల్లో అన్నిటికంటే పొడుగు అధ్యాయం అదే, 176 వచనాలు. "దీన్ని దాటితే మిగతాదంతా దిగుడేరా" అంటుండేవాడు.

మా బాబాయి పూర్తి చేద్దామని కూర్చున్నాడు. నాలుగు వచనాలు రాశాడు. తాత చేతిరాత కింద తన రాత చూసుకుని ఏడ్చి, ఆ కాగితం తీసేశాడు. మళ్ళీ ఎవరం ముట్టుకోలా. ఆ పుస్తకం ఎక్కడ ఆగిందో అక్కడే తెరిచి ముందుగదిలో బల్ల మీద పెట్టాం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ పేజీ చదువుతారు. అందుకని మీ పెద్దనాన్న మాట కూడా ఒకసారి ఆలోచించండి. ఆగిన చోటు కూడా ఆయనదే.

తాత ప్రార్థన గురించి చెప్పకపోతే మా వాళ్ళు ఊరుకోరు. అన్నం ముందు పెట్టుకుని, కుటుంబంలో ప్రతి ఒక్కళ్ళ పేరూ వరసన చెప్పి ప్రార్థన చేసేవాడు. పప్పుచారు చల్లారి మీగడ కట్టేది. మా నాయనమ్మ మధ్యలో గట్టిగా "ఆమేన్" అనేది. తాత కళ్ళు తెరవకుండానే "ఇంకా పెద్దల్లుడు మిగిలాడు మరియమ్మా" అని కొనసాగించేవాడు (ఆమె అసలు పేరు అది కాదు, కోపమొస్తే అలా పిలిచేవాడు). ఇంట్లోంచి పోట్లాడి వెళ్ళిపోయిన మా పెద్ద బాబాయి పేరు మాత్రం రెండుసార్లు వచ్చేది, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. పదకొండేళ్ళు అలా వచ్చింది. ఒక క్రిస్మస్ ముందు, నక్షత్రం కట్టే రోజు సాయంత్రం, ఆయన నిజంగానే గుమ్మంలో నిలబడ్డాడు. తాత నిచ్చెన మీదున్నాడు. కిందకి కూడా దిగకుండా, "వచ్చావా, ఆ వైరు అందుకో" అన్నాడు.

ఓరుగల్లు_పోరడు

ఏడిపిచ్చిన్రు అన్నా పొద్దుపొద్దున్నే.

మా తాతది ములుగు దిక్కు. నేను పుట్టినంక ఏడాదిదాక పాణం బాగలేకుండె. తాత సమ్మక్క తల్లికి మొక్కిండు, వీడు బతికి బట్టకడితె నిలువెత్తు బంగారం ఇస్త అని. తెల్వనోళ్లకు చెప్తున్న, మేడారంల బంగారమంటె బెల్లం. జాతర రెండేండ్లకోసారి గదా. మల్ల జాతర వచ్చెటాళ్లకు నాకు మూడేండ్లు. నన్ను తక్కెడల కూసోబెట్టి అటు దిక్కు బెల్లం పెడుతుంటె, తాత నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డడట, ఏడుస్త అని బుదరకిచ్చినట్టు. అంత బక్క పోరడు గంత తూగుడేందని మా అమ్మకు నవ్వాగలే. తాత చేత్తోని కిందికి ఒత్తుతుండట! తల్లికి తక్కువ పడొద్దని. దుకాణపోడు చూసి "తాతా చెయ్యి తియ్యి" అంటె, "తీస్తె పోరడు జారిపడ్తడు" అన్నడట.

అక్కా, మొక్కింది తాత. తక్కెడల కూసున్నది నేను. ఇద్దరిదీ కలిస్తెనే మొక్కు తీరింది. మీరు రాయున్రి.

కడప_అబ్బమనవడు

మా అబ్బ (తాత) గురించి నాలుగు ముక్కలు. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రి పూట, వెన్నెల్లో చేస్తారు. పగలు పెండ్లి చేస్తే నేను చూసేదెట్లా అని చంద్రుడు అడిగినాడని, ఆయన కోసమే రాత్రి పెట్టినారని మా పక్క చెప్పుకుంటారు. రాష్ట్రం విడిపోయినాక సర్కారు లాంఛనాలతో చేస్తాండారు గానీ, అంతకు ముందునించే మా అబ్బ ఒక్క ఏడూ తప్పలేదు. పోవడం, దుప్పటి పరుచుకోవడం, గురక పెట్టడం. సూత్రం కట్టేటప్పుడు గట్టిమేళం మోగితే మాత్రం దిగ్గున లేసి రెండు చేతులెత్తి మొక్కేవాడు. "నిద్దరపోతివి కదబ్బా" అంటే, "పెండ్లికూతురు తరుపు పెద్దమనిషిని, కండ్లు మూసుకొని దీవిస్తాండా" అనేవాడు. సీతమ్మ తన కూతురే అని ఆయన లెక్క. ప్రతి ఏడూ కల్యాణం మర్నాడు మా అత్తకు చీర కొనిచ్చేవాడు.

రాయండి. 14 మంది ఉంటే ఇంకేం కావల్ల.

డాలస్_నుంచి

నేను ఎక్కువ రాయలేను. మా తాతయ్య పోయినప్పుడు నేను రాలేకపోయాను, వీసా పని మధ్యలో ఉంది.

ఆయనకి వీడియో కాల్ ఎన్నిసార్లు నేర్పినా ఫోను చెవికి ఆనించుకునే మాట్లాడేవారు. రెండేళ్ళపాటు నాకు ప్రతి ఆదివారం తాతయ్య చెవి ఒక్కటే కనిపించింది. తెల్లటి వెంట్రుకలు, తమ్మె మీద చిన్న పుట్టుమచ్చ. "మొహం చూపించండి తాతయ్యా" అంటే "నా మొహంలో ఏముందిరా, నీ మాట వినపడాలి గానీ" అనేవారు. చివర్లో ఎప్పుడూ విష్ణుసహస్రనామం ఎంతవరకు వచ్చిందని అడిగేవారు. వచ్చిందని అబద్ధం చెప్పేవాణ్ణి. ఆయనకి తెలుసు. "సరే, వచ్చిందాన్నే మళ్ళీ చదువు" అనేవారు. ఇప్పుడు కారులో పెట్టుకుని నిజంగానే నేర్చుకుంటున్నాను.

మీ 14 మందిలో విదేశాల్లో ఉన్నవాళ్ళుంటే వాళ్ళని వదిలెయ్యకండి. పుస్తకం పోస్టులో పంపండి. పోస్టుమాస్టరు గారి మనవలు కదా.

నెల్లూరు_చెరువుగట్టు

సలాం అందరికీ. మా దాదా మాట నేనూ చెప్తా.

రొట్టెల పండగంటే మా దాదాకి ప్రాణం. మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్ళల్లో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు కదా. చదువు కావాలంటే చదువు రొట్టె తీసుకోవాల, ఆ కోరిక తీరినాక మళ్ళీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాల. ఇంటర్‌లో నాకు లెక్కలు పోయినప్పుడు దాదా మోకాలి లోతు నీళ్ళల్లో దిగి చదువు రొట్టె తెచ్చాడు. మరుసటేడు పాసయ్యా. ఒక రొట్టె ఇస్తే చాలు. ఆయన బతికినంత కాలం ప్రతి పండక్కీ గంపెడు చదువు రొట్టెలు చేయించి పంచాడు. ఎందుకు దాదా అంటే, "నువ్వు పాసయినావంటే ఆ రొట్టెలో మామూలు బలం లేదమ్మా, దాచుకోకూడదు" అన్నాడు. హిందువులా ముస్లిములా అని చూసేవాడు కాదు. పుస్తకాల సంచీ భుజాన ఉన్న ప్రతి పిల్ల చేతిలోనూ పెట్టేవాడు.

ఆయన తస్బీలో 33 పూసలు. ఒకటి ఎక్కడో జారిపోతే ఆ చోట తన చొక్కా గుండీ గుచ్చుకున్నాడు, తెల్ల గుండీ, నాలుగు చిల్లులది. నమాజు తర్వాత లెక్కపెట్టేటప్పుడు గుండీ దగ్గరికి రాగానే వేలు ఒక్క క్షణం ఆగేది. ఇప్పుడు ఆ తస్బీ మా నాన్న దగ్గరుంది. కొత్త పూస వేయిస్తానంటే ఒప్పుకోలా. మా నాన్న వేలు కూడా అక్కడే ఆగతాది.

ఎవరి చేతిరాత వాళ్ళదే అక్కా, గుంటూరు అన్న చెప్పింది నిజమే. మీది వేరేగా ఉందని తెలిసేట్టే రాయండి. ఆయన రాతని అనుకరించబాకండి.

లంక_మనవరాలు

ఒక్కొక్కటీ మామ్మకి చదివి వినిపించాను. తక్కెడ దగ్గర నవ్వింది, గుండీ దగ్గర ఏమీ మాట్లాడలేదు. గుంటూరు తమ్ముడూ, నీ మాట పెద్దనాన్నకి కూడా చదివాను. ఆయన చాలాసేపు అరుగు మీద కూర్చుండిపోయారు. ఆయన వాదన మొండితనం కాదని నాకిప్పుడు అర్థమైంది. నాన్న రాసింది నాన్న రాసినట్టే ఉండాలని ఆయన బాధ.

లెక్కల_పంతులు

ఆలస్యంగా చూశాను. భక్తి సంగతి పెద్దలు చెప్పారు, నేను లెక్క చెప్తాను.

కోటిలోంచి 87,43,247 తీసేస్తే మిగిలేది 12,56,753. పద్నాలుగు మందికి పంచితే తలా 89,768. రోజుకి ఒక్క పేజీ, 120 చొప్పున రాస్తే 748 రోజులు, ఆ పైన ఇంకో ఎనిమిది నామాలు. అంటే రెండేళ్ళు దాటి కొన్ని రోజులు. ఆయన ఒక్కరే రోజూ ఐదు పేజీలు నలభై ఏళ్ళు రాశారు, మీ వంతు పెద్ద పనేం కాదు.

అయితే 89,768ని 14తో హెచ్చవేస్తే 12,56,752 వస్తుంది. ఒకటి మిగిలిపోతుంది.

నాకు భాగహారం నేర్పింది మా తాతగారు. ఏటా అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి వ్రతం చేయించుకుని, విస్తరాకు పొట్లాల్లో ప్రసాదం తెచ్చేవారు. గోధుమరవ్వ, నెయ్యి, ఆ వాసనకే మేం వరసలో కూర్చునేవాళ్ళం. "ఇన్ని పొట్లాలు, ఇంతమంది, తలా ఎన్ని?" అని మాచేత చెప్పించేవారు. తప్పు చెప్పినవాడికి ఆఖర్న పెట్టేవారు, కానీ వాడికే పెద్ద పొట్లం. ఎంతమందికి పంచినా శేషం మిగిలేలా లెక్క కుదిర్చేవారు. ఆ శేషం మా నాయనమ్మది.

మీ మామ్మగారిని ఎవరైనా అడిగారా?

లంక_మనవరాలు

మాష్టారూ, అడగలేదండి. నిజంగా మాలో ఎవరికీ తట్టలేదు. ఆవిడ మూడో క్లాసుదాకా చదివింది. పింఛను కాగితం మీద సంతకం తప్ప ఎన్నేళ్ళుగానో ఏమీ రాయలేదు.

నిన్న ఆదివారం అందరం కలిశాం. దూరాన ఉన్నవాళ్ళు ఫోన్లో ఉన్నారు. మీ లెక్క చదివాను. పెద్దనాన్న లేచి లోపలికి వెళ్ళారు. కోపం వచ్చిందేమో అనుకున్నాం. తాతయ్య రూళ్ళకర్ర, కొత్త లాంగ్ నోట్‌బుక్కు పట్టుకొచ్చారు. "నేను రాయను. గళ్ళు మాత్రం నేనే గీస్తా, అందరికీ" అని కింద కూర్చుని మొదలుపెట్టేశారు. పేజీకి 120. తాతయ్య గీసినట్టే, అంచు పక్కన రెండు వేళ్ళ ఖాళీ వదిలి.

మామ్మతో, "కోటీ పూర్తయ్యాక చివరిది నువ్వు రాద్దువుగాని" అన్నాను. "రెండేళ్ళు నేనుంటానని రాసిచ్చాడా మీ తాత? ఆ పుస్తకం ఇలా తే" అంది. 365వ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. అందులో ఉన్న పెన్నే తీసింది. సిరా గడ్డకట్టింది కాబోలు, మొదట పడలేదు. తాతయ్య చేసినట్టే పెన్ను అరచేతుల మధ్య పెట్టి గబగబా రుద్దింది. నలభై ఏళ్ళు చూసింది కదా.

47 గళ్ళు తాతయ్యవి, చీమల బారులా సన్నగా, ఒకే ఎత్తులో. 48వ గడిలో మామ్మ రాసింది. మూడక్షరాలకి ఎంతసేపు పట్టిందో చెప్పలేను, ఫోన్లో ఉన్నవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. ముగ్గు వేసే చెయ్యి కదా, శ్రీ గుండ్రంగా చాలా పెద్దగా వచ్చింది. దాని కింద వత్తు ఎడమకి సాగి తాతయ్య 47వ గడిలోకి దూరిపోయింది.

"మామ్మా, ఆయన గడిలోకి వెళ్ళిపోయావు" అన్నాడు మా చిన్న తమ్ముడు.

"కాస్త జరగమను" అంది.